రేసు వైరు

పాత మస్టాంగ్ ఉన్న కుర్రాడు మా కౌంటర్ దగ్గరికి వచ్చాడంటే మాట్లాడేదంతా హార్స్‌పవర్ల లెక్కే. ఏ ఎగ్జాస్ట్ వేస్తే చప్పుడు బాగుంటుంది, ఏ ఫిల్టర్ పెడితే ఎంత పికప్ వస్తుంది, పెట్రోలు 91 పోయాలా 95 పోయాలా? ఆ హార్స్‌పవర్లన్నిటికీ కళ్లెం సైకిల్ బ్రేకు వైరంత సన్నటి ఉక్కు తీగ అని, ఒక కొస తన కాలి దగ్గర, ఇంకో కొస ఇంజిన్ దగ్గర ఉంటాయని అతనికి ఎప్పుడూ తట్టదు. తెలిసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మాత్రం బండి సత్‌హా మీద ఎక్కి వస్తుంది. ఇక్కడ బళ్లు మోసే లారీని అందరం అలాగే అంటాం.

సౌదీలోని దమ్మామ్ సనాయియాలో, అంటే వర్క్‌షాపుల పేటలో, స్పేర్‌పార్ట్స్ అమ్ముకుంటాను. అరల నిండా బ్రేక్ ప్యాడ్‌లు, బెల్టులు, ఫిల్టర్లు. ఎక్స్‌లేటర్ వైర్లు, అంటే రేసు వైర్లు, మాత్రం పై అరలో దుమ్ము పట్టి ఉంటాయి. అడిగేవాడు లేడు. పోయిన ఎండాకాలం ఒకతను అడిగాడు. బండి 2002 మోడల్ మస్టాంగ్ జీటీ, 4.6 లీటర్ల వీ8, కంపెనీ లెక్క ప్రకారం 260 హార్స్‌పవర్. రియాద్ నుంచి దమ్మామ్‌కు సుమారు 400 కిలోమీటర్లు, అంత దూరం వస్తున్నాడు. అబ్‌ఖైక్ మలుపు దగ్గరికి వచ్చేసరికి కాలు నొక్కుతూనే ఉన్నా బండి వేగం తగ్గిపోయిందట. ఇంజిన్ ఆగలేదు, మెల్లగా తిరుగుతూనే ఉంది. మొదట చూసిన వర్క్‌షాప్‌వాళ్లు పెట్రోల్ పంప్ పోయిందన్నారు, మార్చారు, డబ్బులు తీసుకున్నారు. బండి మాత్రం ఎక్కడిదక్కడే.

మా పక్క వర్క్‌షాపులో జగిత్యాల తమ్ముడొకడు ఉన్నాడు. బానెట్ కూడా ఎత్తలేదు. డోరు తీసి, కింద కూర్చుని, పెడల్‌ను చేత్తో నొక్కాడు. అది ఏ బరువూ లేకుండా నేలకు ఆనింది. "పంపు గాదన్నా, రేసు వైరు తెగింది" అన్నాడు. పెట్రోలు అందకపోతే ఇంజిన్ దగ్గుతుంది, ఆగుతుంది. నిమ్మళంగా తిరుగుతూ కాలి మాట మాత్రం వినకపోతే మధ్యలో ఉన్నది ఆ వైరే. ఈ ముక్క తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, పంప్ మార్చనక్కర్లేదు.

వైరు సాధారణంగా నడిమధ్యలో తెగదు. చేద తాడు గిలక దగ్గర అరిగినట్టు, వంగే చోటే పోతుంది. పెడల్ పైకొసకు పట్టే గుండు దగ్గర ఒక్కో పోగు తెగుతుంది. పోగులన్నీ ఒకేసారి పోవు గనక రోజూ నడిపేవాడికి ముందే తెలియాలి. పెడల్ కాస్త గరగరలాడుతుంది, వదిలాక ఒక క్షణం ఆలస్యంగా పైకి లేస్తుంది. తమ్ముడు వైరు బయటికి లాగితే కొస చీపురులా విచ్చుకుని ఉంది. ఒక పోగు బొటనవేలి గోటి కింద గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, ప్యాంటుకు తుడుచుకుని, ఇంజిన్ వైపు కొస చూపించాడు. అక్కడ పక్కపక్కనే రెండు వైర్లు. ఒకటి కాలిది, రెండోది క్రూజ్ కంట్రోల్‌ది. రెండూ త్రాటిల్‌లోని ఒకే గుండ్రటి రేకును తిప్పేవే. క్రూజ్ వైరు నిక్షేపంగా ఉంది. అయినా ఏం లాభం? బండి కొంత వేగం అందుకుంటే గానీ క్రూజ్ పట్టుకోదు, నిలబడ్డ బండికి అది పనికిరాదు.

తమ్ముడు ఈ విద్య నేర్చింది మస్టాంగ్ మీద కాదు, జగిత్యాల బస్టాండు పక్క గ్యారేజీలో, ఆటోల మీద, లూనాల మీద, చేతక్‌ల మీద. వైరు తెగిన ఆటో డ్రైవరు తెగిన కొసను పటకారుకు చుట్టుకుని, ఒక చేత్తో లాగుతూ, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని షెడ్డుకు రావడం మా వైపు చూడనివాళ్లు తక్కువ. పెద్ద వీ8 అయినా సూత్రం అదే. బిగువైన తొడుగులో ఉక్కు పోగుల వైరు జారుతూ లాగే ఈ ఏర్పాటుకు ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో పేటెంట్ తీసుకున్నాడు. మొదట్లో అది వెళ్లింది సైకిల్ బ్రేకులకే. కారుకు అది సైకిల్ ఇచ్చిన అరువు. కాబట్టి సైకిల్ షాపు పిల్లాడికైనా స్పోర్ట్స్ కారు వైరు తెలియడంలో వింతేమీ లేదు, తెలియకపోతేనే వింత.

అస్లీ వైరు కావాలంటే వకాలాకు, అంటే కంపెనీ డీలరు దగ్గరికి, వెళ్లాలి, వాళ్లు ఆర్డరు పెట్టి తెప్పించాలి. తిజారీది, అంటే బయటి కంపెనీది, నా దగ్గరున్నది పొడవు సరిపోలేదు. వైరు కాస్త తక్కువైతే ఇంజిన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది, ఎక్కువైతే పెడల్ నేలకు ఆనినా రేకు పూర్తిగా తెరుచుకోదు. తష్లీహ్‌లో, పాత బళ్ల తుక్కులో, వెతకొచ్చు గానీ ఇరవై ఏళ్ల ఎండ తిన్న వైరును తెచ్చి ఇరవై ఏళ్ల బండికి వేయడం నాకు ఇష్టం ఉండదు. తమ్ముడు పాత తొడుగులోనే మోటార్‌సైకిల్ వైరు ఎక్కించి, కొసకు ఇత్తడి స్క్రూ గుండు బిగించాడు. "ఇది పక్కా కాదన్నా. అసలు వైరొచ్చేదాక గల్లీలనే తిప్పుమను, హైవే ఎక్కద్దను" అన్నాడు. నేను అరబ్బీలో చెప్పాను. కుర్రాడు తల ఊపి, జీవితంలో మొదటిసారి అనుకుంటా, 40 మీద బండి తీసుకుపోయాడు.

వైరు తెగితే బండి ఆగుతుంది, అంతే. తెగకుండా ఇరుక్కుంటేనే ప్రాణం మీదికి వస్తుంది. విచ్చుకున్న పోగు తొడుగు అంచున పట్టుకుంటే కాలు తీసినా రేకు మూసుకోదు, బండి పరుగెడుతూనే ఉంటుంది. ఇక్కడ కొన్ని హైవేల మీద 2018 నుంచి 140 దాకా వెళ్లనిస్తున్నారు గనక ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆటోమేటిక్ అయితే గేరు న్యూట్రల్‌లోకి తోయాలి, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కాలి. ఇంజిన్ గోల చేస్తే చేయనివ్వండి. బ్రేకు ఒకేసారి గట్టిగా నొక్కి పట్టాలి. తొక్కి వదిలి తొక్కి వదిలి చేస్తే, రేకు తెరిచి ఉన్నంతసేపూ బ్రేకుకు వాక్యూమ్ సాయం కొత్తగా అందదు, నిలవ ఉన్నదీ అయిపోతుంది. పక్కకు తీసి ఆపాకే తాళం తిప్పి ఇంజిన్ ఆపాలి. నడుస్తున్న బండిలో తాళం చేతికి తీసుకున్నారో, స్టీరింగ్ లాక్ పడుతుంది.

వైరు లేని కొత్త బళ్లకు ఈ భయం లేదా అంటే, ఉంది. 2009లో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర లెక్సస్ కారొకటి ఇలాగే ఆగకుండా పోయి నలుగురు చనిపోయారు. దానిది ఎలక్ట్రానిక్ త్రాటిల్. పెడల్‌ను పట్టేసింది కాలి కింది మ్యాటు. ఇసుకకు భయపడి ఒక మ్యాటు మీద ఇంకో మ్యాటు పరిచే ఇక్కడి మనవాళ్లకు ఇది చెబితే నవ్వుతారు. మస్టాంగ్ కూడా 2005 మోడల్ నుంచి వైరు మానేసింది. మంచిదే. సెన్సర్లు ఒకటికి మించి ఉంటాయి, తేడా వస్తే బండి తానే నెమ్మదిస్తుంది. కాకపోతే అది పాడైతే పటకారుతో పని జరగదు.

గ్రీజు సంగతి ఒకటి మిగిలింది. వైరు బిగుసుకుంటోందని చాలామంది గ్రీజు పూస్తారు. మన ఊళ్లో నడుస్తుందేమో, ఇక్కడ గ్రీజులో ధూళి కలిసి ముద్ద కట్టి వైరు ఇంకా ఇరుక్కుంటుంది. తొడుగు లోపల జారుడు ప్లాస్టిక్ గొట్టం ఉన్న వైర్లకు గ్రీజు అసలే వద్దు. ఎండకు ఆ గొట్టం ఎలాగూ గట్టిపడుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు మనుషులతో ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. బానెట్ కింది వైరుకు ఆ సెలవు లేదు.

పాత బండి ఉన్నవాళ్లు ఈ శుక్రవారం ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, లోపల ఒకరిని కూర్చోబెట్టి పెడల్ తొక్కించండి. రేకు పూర్తిగా తెరుచుకుని, వదలగానే టక్కున మూసుకోవాలి. పెడల్ దగ్గర ఒక్క పోగు లేచి కనిపించినా వైరు మార్చేయండి.