తడలో ఇల్లు, గదికో వెలుతురు

చెన్నై నుంచి సూళ్లూరుపేట లోకల్‌లో వస్తే గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటగానే తడ. 2022 నుంచి తిరుపతి జిల్లా అని రాసుకుంటున్నాం గానీ, ఊళ్లో ఎవర్నడిగినా నెల్లూరోళ్లమనే చెప్తారు. తూర్పున పులికాట్ సరస్సు, పడమట శ్రీసిటీ ఫ్యాక్టరీలు, మధ్యలో చెన్నై-కోల్‌కతా హైవే. రాత్రిపూట మేడెక్కి చూస్తే ఒకవైపు ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది, ఇంకోవైపు ఇరకం దీవి దిక్కున చీకటి. ఈ రెండింటి మధ్యలో మా నాన్న ఇల్లు కట్టారు. లైట్ల డ్యూటీ నాది. సాఫ్ట్‌వేర్ వాడు కదా, కరెంటు పని కూడా వచ్చేస్తుందని మావాళ్ల నమ్మకం.

చెన్నైలో ఓ షోరూమ్ వాళ్లు హాలుకి ఫాల్స్ సీలింగ్, అందులో పదహారు డౌన్‌లైట్లు, ఒక్కోటి 12 వాట్లు అని ప్లాన్ గీసిచ్చారు. చూడ్డానికి సినిమా సెట్‌లా ఉంది. లెక్కేశా. 12 వాట్ల ఎల్ఈడీ సుమారు 1200 ల్యూమెన్లు ఇస్తుంది. పదహారంటే 19 వేలు దాటుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ ఒక్కటి 2 వేలిస్తుంది. అంటే 12×14 అడుగుల హాల్లో తొమ్మిది ట్యూబ్‌లైట్లు ఒకేసారి వేసినట్టు! రెండు బ్యాటెన్లు, టీవీ వెనక గోడకి ఒక పసుపు లైటు పెట్టి ఆపేశాం. వాట్లు చూసి కొనకండి, డబ్బా మీద ల్యూమెన్లు చూడండి. పక్కనే కెల్విన్ నంబరుంటుంది. 2700-3000 అయితే పాత బల్బులాంటి పసుపు, 6500 అయితే నీలం కలిసిన తెలుపు.

అసలు సమస్య హాలు కాదు, మా అవ్వ. ఆమెకి ఎనభై దాటాయి. రాత్రికి రెండుమూడు సార్లు బాత్రూమ్‌కి లేస్తుంది. పాతింట్లో ఒకసారి చీకట్లో స్విచ్ వెతుక్కుంటూ గడప తగిలి పడింది. తుంటి ఎముక విరగలేదు, అదృష్టం. వయసు పెరిగేకొద్దీ కంటికి వెలుతురు ఎక్కువ కావాలి, కానీ అదే వెలుతురు సూటిగా పడితే కళ్లు చెదురుతాయి. శుక్లాలుంటే మరీనూ. అందుకే ఆమె గదిలో పైన పెద్ద లైటుకి మిల్కీ కవరున్నది పెట్టి, మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా నేలకి అడుగెత్తులో సెన్సర్ ఉన్న చిన్న పసుపు లైట్లు వరసగా వేయించా. కాలు కింద పెట్టగానే వెలుగుతాయి. గది లైటుకి టూవే స్విచ్: ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం పక్కన. మొత్తం ఇంట్లో ఎక్కువసేపు ఆలోచించింది, ఎలక్ట్రీషియన్‌తో గొడవపడింది ఈ పది అడుగుల దారికే.

"ఏందబ్బయ్యా, నడిచేదానికి కూడా దీపాలా?" అని నవ్వింది అవ్వ. రెండో రాత్రికి నన్ను లేపకుండానే వెళ్లొచ్చింది.

వంటింట్లో లైటు గది మధ్యలో ఉంటే అమ్మ నీడ కత్తిపీట మీదే పడుతుంది. పై అరల కింద, గట్టుకి నేరుగా ఒక స్ట్రిప్ కావాలి. ఇక్కడ సీఆర్ఐ 90 ఉన్నది తీసుకున్నా. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే నంబరది. తెచ్చిన చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వడిలాయా అన్నది అమ్మకి తేలిగ్గా తెలియాలి కదా! బెడ్‌రూములకి పసుపు లైట్లు చాలు, పడుకోబోయే ముందు తెల్లటివి నిద్ర చెడగొడతాయి.

బయట లైట్ల సంగతి వేరు. ఉప్పు గాలికి ఇనుప బాడీలు, మామూలు మరలు త్వరగా తుప్పు పట్టేస్తాయి. ప్లాస్టిక్ బాడీ, స్టీలు మరలు, ఐపీ 65 రేటింగ్ చూసుకోవాలి. అందులో 6 అంటే దుమ్ము దూరదు, 5 అంటే నీళ్లు చిమ్మినా పర్లేదు. కరెంటు ఎగుడుదిగుళ్లకి తట్టుకోవాలంటే డబ్బా మీద వోల్టేజ్ రేంజ్ 100 నుంచి 300 ఉన్నది మేలు. తెల్లలైటు కంటే పసుపు లైటుకి పురుగులు తక్కువ చేరతాయి. ఈశాన్య రుతుపవనాల్లో ఉసుళ్లు అన్నంలో పడటం చూసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

గేటు లైటుకి పైన టోపీ ఉన్నది పెట్టాం, వెలుతురు కిందికే పడేలా. చలికాలం పులికాట్‌కి ఫ్లెమింగోలు, ఇంకా బోలెడు వలస పక్షులు వస్తాయి. రాత్రి ఎగిరే పక్షులకి పైకి చిమ్మే వెలుతురు దారి తప్పిస్తుంది.

మేడ మీద మాత్రం లైటు పాయింటే వద్దన్నా. నాన్న ఒప్పుకోలేదు. చివరికి మెట్ల దగ్గర ఒకటి పెట్టి స్విచ్ కింద ఉంచాం. శ్రీహరికోటలో రాత్రి రాకెట్ లేచినప్పుడు అవ్వే ముందు గుర్తుచేసి ఆపిస్తుంది. తూర్పు దిక్కంతా నారింజ రంగైపోతుంది, శబ్దం మా మేడ చేరేసరికి నిమిషం పైనే పడుతుంది.