ఫైలు ఖాళీ అయినా టైము మిగిలింది

ఫైలు డిలీట్ చేయడం వేరు, ఖాళీ చేయడం వేరు. డిలీట్ చేస్తే ఫోల్డర్‌లోంచి పేరే పోతుంది. ఖాళీ చేస్తే, అంటే ట్రంకేట్ చేస్తే, పేరు, ఓనరు, పర్మిషన్లు అలాగే ఉంటాయి. లోపలి సరుకు మాత్రం ఉండదు. వేసవిలో మన ఏలూరు కాలువకు నీళ్లు కట్టేసినట్టన్నమాట. గట్లు ఉంటాయి, నీళ్లుండవు.

ఈ తేడా ఎంత ముఖ్యమో నాకు బుడమేరు వరదప్పుడు తెలిసొచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్ మునిగిపోయింది. నాకు వరసకు తమ్ముడయ్యే కుర్రాడు అక్కడే మేడ మీద చిక్కుకుపోయాడు. ఫోన్‌లో చార్జింగ్ కూడా లేదు. వాడు బీసెంట్ రోడ్డు వైపు ఓ షాపులో బిల్లింగ్ చూస్తాడు. గురువారం ఎలాగో డ్యూటీకి వెళ్తే ఓనరుగారు నిలదీశారు. "బాకీల ఫైలు సున్నా చూపిస్తోంది. ఏం చేశావురా?" పోలీసుల దాకా వెళ్తానన్నారట.

"అన్నా, ఒక్కసారి వచ్చి చూడవా" అన్నాడు. వెళ్లాను. అది లినక్స్ మెషీన్. స్టాట్ కమాండ్ కొడితే సైజు 0. మాడిఫై టైము, చేంజ్ టైము రెండూ ఒకటే: సోమవారం తెల్లవారుజాము 2 గంటలు.

సైజు తగ్గించగానే ఫైల్‌సిస్టమ్ ఈ రెండు టైములూ మార్చి తీరాలి. అది పోజిక్స్ రూలు. మాడిఫై టైమును టచ్ కమాండ్‌తో వెనక్కి తిప్పొచ్చు. కానీ అలా తిప్పినా చేంజ్ టైములో ఆ సంగతి పడిపోతుంది.

సరిగ్గా 2 గంటలకు ఏం నడుస్తుందా అని క్రాన్ తెరిచాం. వారానికోసారి లాగ్ ఫైళ్లు ఖాళీ చేసే స్క్రిప్టు ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ వారమే బాకీల ఫైలును లాగ్‌ల ఫోల్డర్‌లోకి మార్చారు. అంతే!

ఇంకో వారం ఆగి ఉంటే ఆ టైము కూడా దక్కేది కాదు. ట్రంకేట్ కాల్‌తో సైజు మారకపోతే టైము మారక్కర్లేదు. కానీ ఆ స్క్రిప్టు వాడింది షెల్‌లోని '>' గుర్తు. అది ఫైలును ఓ_ట్రంక్‌తో తెరుస్తుంది. అప్పుడు ఫైలు ముందే ఖాళీగా ఉన్నా కొత్త టైము పడుతుంది.

ఓనరుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రేపు త్వరగా రా" అన్నారు. బాకీలన్నీ బిల్లు పుస్తకాలు చూసి మళ్లీ ఎక్కించుకున్నారు.

మీ ఆఫీసులోనూ ఏదైనా ఫైలు ఖాళీ అయితే, బ్యాకప్ ఎక్కించే ముందే స్టాట్ కొట్టి స్క్రీన్ ఫోటో తీసుకోండి. ఎవరిని అడగాలో ఆ తర్వాత చూడొచ్చు.