‘తగిన శాస్తే’ అన్నాను

వంగవీటి మోహనరంగాను చంపేశారన్న వార్త 1988 డిసెంబరు 26 పొద్దున్నే కృష్ణ దాటి మంగళగిరికి వచ్చేసింది. ఆయన విజయవాడ తూర్పు ఎమ్మెల్యే. ప్రాణహాని ఉంది, రక్షణ కల్పించండని టెంటు వేసుకుని నిరాహారదీక్ష చేస్తుంటే, తెల్లవారకముందే వచ్చి నరికేశారు. అప్పట్లో నేను ఒక మాస్టర్ వీవర్ దగ్గర లెక్కలు రాసే కుర్రాణ్ణి. వార్త వినగానే నేనన్న మాట: “తగిన శాస్తే జరిగింది.”

ఊరికే అనలేదు. 1974లో రంగా అన్న రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988 మార్చిలో దేవినేని మురళి హత్యకు గురయ్యారు. బెజవాడ పగల చిట్టా అంతా నాకు నోటికొచ్చు. మురళి హత్య విషయంలో రంగా మీద ఆరోపణలున్నాయి. కత్తి పట్టినవాడు కత్తికే పోయాడు, ఇందులో అన్యాయమేముంది అనుకున్నాను. పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేవాణ్ణి కదా, తెలివైన మాటే అన్నానని కాస్త గర్వం కూడా.

గుంట మగ్గంలో కూర్చుని నిజాం అంచు చీర నేస్తున్న బాబాయ్ నాడె ఆపాడు. తెగిన పోగును వేళ్ల మధ్య పురి పెట్టి అతికిస్తూ, తలెత్తకుండానే అడిగాడు: “చంపే ముందు ఆయనకి ఓటేసినోళ్లని అడిగారా అబ్బాయ్?”

ఆయన రంగా మనిషి కాదు, రంగా కులమూ కాదు. నేను ఆరోపణలన్నీ ఏకరువు పెట్టాను. “అయితే కోర్టులో తేలాల గదా” అన్నాడు. కోర్టులో ఎన్నాళ్లకు తేలుతుంది బాబాయ్ అని నవ్వేశాను.

ఆ మధ్యాహ్నానికే విజయవాడ తగలబడుతోందని తెలిసింది. కొట్లు, సినిమా హాళ్లు, బస్సులు. ఫలానా కులం వాళ్లదైతే చాలు, ఆ ఆస్తికి నిప్పే. గొడవలు కోస్తా అంతా పాకాయి. 40 మందికి పైగా పోయారు. కర్ఫ్యూతో వన్‌టౌన్ బట్టల కొట్లు మూతపడ్డాయి, మా చీరల మూటలు గదిలోనే ఉండిపోయాయి, నేతగాళ్లకు మజూరీ ఆగింది. ఆ పద్దులు నేనే రాశాను. రాస్తుంటే ఒక్కటి తట్టింది. రంగాకు తగిన శాస్తి అని నేను తేల్చేసినట్టే, కొట్టు కాలిన వాడికి తగిన శాస్తి అని ఇంకొకడు తేల్చాడు. ఇద్దరమూ ఎవరినీ అడగలేదు, ఏదీ విచారించలేదు. నా చేతిలో అగ్గిపెట్టె లేదు, అంతే తేడా.

రంగా మీద నాకిప్పటికీ భక్తి లేదు. బీదాబిక్కీకి అండగా నిలిచాడన్న వాళ్ల మాట అబద్ధమని అనలేను, ఆయన చుట్టూ భయం ఉండేదన్న వాళ్ల మాటనూ కొట్టిపారేయలేను. ఆ రెండింట్లో ఏది ఎంత నిజమో తేలే దారినే హంతకులు మూసేశారు. బతికుంటే ఆయన్ను బోనులో నిలబెట్టొచ్చు, సభలో నిలదీయొచ్చు, ఓటేసి ఓడించొచ్చు. ఇప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో కూడళ్లలో ఆయన విగ్రహాలున్నాయి. విగ్రహాన్ని ఏమని అడుగుతాం? పైగా ఆయన హత్య కేసూ ఏళ్ల తరబడి నడిచి, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే ఆయన మీది ఆరోపణలూ తేలలేదు, ఆయన్ను చంపిందెవరో చట్టం ముందు అదీ తేలలేదు. కోర్టు ఆలస్యాన్ని చూసి నవ్విన నాకు ఇంతకన్నా జవాబేం కావాలి!

ఇలాంటి హత్యలు అక్కడితో ఆగలేదు. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపారు. 2005 జనవరిలో అనంతపురంలో తెలుగుదేశం నేత పరిటాల రవిని పార్టీ ఆఫీసులోనే కాల్చి చంపారు. రెండుసార్లూ మన రాష్ట్రంలో ఆస్తులు తగలబడ్డాయి. రవి పోయినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు అచ్చం నా పాత మాటే అన్నాడు. బాబాయ్ అడిగిన ప్రశ్నే వాణ్ణి అడిగాను. వాడూ నవ్వాడు.

రంగా పోయిన పదకొండు నెలలకు, 1989 నవంబరులో, ఎన్నికలు వచ్చాయి. విజయవాడ తూర్పు ఓటర్లు ఆయన భార్య రత్నకుమారిని గెలిపించారు, రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం ఓడిపోయింది. రంగా ఉండాలో పోవాలో తేల్చాల్సింది ఆ ఓటర్లు. హంతకులు వాళ్లను అడగలేదు, నేనూ అడగలేదు.