పాటలూ, తీర్పరి పాట్లూ

లోకంలో అందరికంటే సుఖపడేవాడు పాట వినేవాడు. అంతకంటే కాస్త తక్కువ సుఖపడేవాడు పాట పాడేవాడు. సుఖమన్నది బొత్తిగా ఎరగనివాడు, ఆ పాట బాగుందో లేదో కాగితంమీద రాసి కింద సంతకం పెట్టవలసినవాడు. నాలుగేళ్లుగా నేనా మూడో తెగలో చేరి వున్నాను గనక ఈ మాట గట్టిగానే చెప్పగలను.

నేను తీర్పు చెప్పేది కృతులకు కాదు, లలిత గీతాలకూ కాదు. పిల్లలు ఆడే వీడియో గేముల్లో వెనక సంగీతం మోగుతూ వుంటుంది చూడండి, దాని తాలూకు వ్యవహారం ఇది. ఆ సంగీతంమీద మోజుపడి, అందులోని వరస పుచ్చుకుని, తమకు తోచినట్లు మళ్లీ అల్లి, వాయించి పంపే అభిమానులున్నారు. వాళ్ల రచనల్ని రీమిక్సులంటారు. ఇంతవరకు చెప్పేసరికి మా బంధువుల్లో పెద్దవాళ్లు, "ఉద్యోగం బాగానే వుందా నాయనా?" అని అడుగుతారు. వుందండీ. న్యూజెర్సీలో ఒక ఆఫీసులో జమాఖర్చులు చూసుకుంటున్నాను. ఇది రాత్రిపూట వ్యవహారం.

విషయం తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. పూర్వపు గేము యంత్రాలకు గొంతులు తక్కువ. 1983లో నింటెండో వారు జపానులో అమ్మకానికి పెట్టిన ఫామికాం అనే పెట్టెలో ధ్వనికి అయిదే దారులు. రెండు వరస పలకడానికి, ఒకటి మంద్రానికి, ఒకటి బుస్సుమనే చప్పుడుకి, అంటే తాళానికన్నమాట, మిగిలిన ఒక్కటీ ముందే పట్టి వుంచిన చిన్న చిన్న శబ్దపు ముక్కలకు. 1985లో కోజి కోండో అనే ఆయన 'సూపర్ మారియో బ్రదర్స్'కి సంగీతం కట్టింది ఈ పేదరికంలోనే. హంగులు లేనప్పుడు వరసకే బలం వుండాలి. పిల్లవాడు రోజుకి వంద సార్లు విన్నా మొహం మొత్తకూడదు. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు, దేశం భద్రంగా దాచుకోదగిన ధ్వనిముద్రణల పట్టికలో ఈ వరసను చేర్చారు. గేము సంగీతానికి అంతటి మర్యాద దక్కడం అదే మొదలు.

ఆ వరసలు చెవిలో స్థిరపడిపోయిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. చేతికి గిటారూ, ఇంట్లోకి కంప్యూటరూ వచ్చాక, దీనికి నిండు మేళం కడితే ఎట్లా వుంటుందో అని మొదలుపెట్టారు. 1999లో డేవిడ్ లాయిడ్ అనే అమెరికా ఆయన ఇటువంటి రచనల కోసం ఇంటర్నెట్టులో 'ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్' అనే నిలయం తెరిచాడు. ఇప్పుడక్కడ వేలకొద్దీ రచనలున్నాయి. ఎవరైనా ఉచితంగా వినవచ్చు. అయితే పంపిన ప్రతిదీ అందులోకి ఎక్కదు. తీర్పరుల మండలి ఒకటి కూర్చుని, విని, వోట్లు వేసి, ఎందుకు వేశారో రాస్తుంది. ఇదంతా పిల్లల ఆట అనుకునేవారికి ఒక్క సంగతి. 2008లో కాప్కాం కంపెనీ తన 'స్ట్రీట్ ఫైటర్' గేమొకదాన్ని కొత్త హంగులతో విడుదల చేసినప్పుడు, దాని సంగీతం ఈ అభిమానులచేతనే చేయించుకుంది.

మనవాళ్లకిది వింతగా తోచనక్కరలేదు. పెళ్లి వూరేగింపులో బ్యాండుమేళం వాళ్లు సినిమా పాట అందుకుంటే చేసేది ఇదే కదా! క్లారినెట్టు ఆయన చరణం మధ్యలో సొంత గమకం రెండు కలుపుతాడు, డోలు ఆయన పాటలో లేని ముక్తాయింపు ఒకటి బిగిస్తాడు, పెళ్లికొడుకు మేనమామ జేబులోంచి నోటు తీసి చదివిస్తాడు. తీర్పు అక్కడికి సరి. కారణాలు రాసి ఇమ్మని మేనమామను ఎవరూ అడగరు. ఆయన అదృష్టవంతుడు.

ఇంతకీ నేనిందులో ఎట్లా చిక్కానంటే, మా అబ్బాయీ, వాడి కాలేజీ స్నేహితులు నలుగురూ కలిసి ఏటా ఒక పోటీ నడుపుతారు. తీర్పరులు ముగ్గురు. ఒకాయన సౌండు ఇంజనీరు, ముప్పై ఏళ్లుండవు. ఇంకొకావిడ హైస్కూల్లో బ్యాండు నేర్పే పంతులమ్మ. మూడోవాడి కోసం వెతుకుతూ వుండగా మావాడి కన్ను నామీద పడింది. "నాన్నా, నువ్వు గేములాడవు గనక నీకు పక్షపాతం వుండదు. వయొలిన్ నేర్చుకున్నావు గనక చెవి వుంది" అన్నాడు. విజయవాడలో ఎనిమిదేళ్లు నేర్చుకున్న మాట నిజమే. "ఆ చెవి నేను కూరలు తెమ్మన్నప్పుడు ఎక్కడికి పోతుందో!" అంది మా ఆవిడ.

పోటీ నడపడమంటే పాటలు వినడమని అనుకున్నాను. అంతకుముందే సగం పని వుంది. మొదటిది నియమాలు. ఆ ఏటికి ఒకే వరస ఇస్తారు, అందరూ దానిమీదే కట్టాలి. అయిదు నిమిషాలు మించకూడదు. పోయిన ఏడాదికి ముందటేడు 27 రచనలు వచ్చాయి. ఒక్కొక్కటి అయిదేసి నిమిషాలు వేసుకున్నా, మూడేసి సార్లు వింటే దగ్గర దగ్గర ఏడు గంటలు. ఆ లెక్క వేసి చూస్తే అయిదు నిమిషాల నియమం ఎంత పుణ్యమో తెలుస్తుంది.

రెండోది పేర్లు దాచడం. ఎవరు పంపారో మా అబ్బాయి ఒక్కడికే తెలుసు. మాకు అందేవి అంకెలు. మూడోది ధ్వని సమం చెయ్యడం. ఒకే పాటను రెండుమార్లు వినిపించి, రెండోసారి రవంత గొంతు పెంచితే చాలు, రెండోదే బాగుందంటాం. ఇది మనిషి చెవికున్న బలహీనత. అందుచేత మావాళ్లు అన్ని రచనల్నీ ఒకే పాటి బిగ్గరకు దించి గాని మాకివ్వరు. నాలుగోది వరస క్రమం. మొదట విన్నవాటికి పిసినిగా మార్కులు పడతాయి, చివర విన్నవాటికి అలసట తగులుతుంది. అందుచేత ముగ్గురికీ మూడు క్రమాల్లో ఇస్తారు.

బహుమతి డబ్బు కాదు. వరస గేము కంపెనీ సొత్తు. పరాయి తోటలో పూవులమీద ముచ్చటపడి దండ కట్టుకోవడం ఒక సంగతి, దాన్ని సంతలో పెట్టి అమ్మడం ఇంకొక సంగతి. నెగ్గినవాడికి మా పోటీలో ఇచ్చేదల్లా, మరుసటేడు వరస ఎంచే హక్కు. దానికోసం వీళ్లు నెలల తరబడి నిద్ర మానుకుంటారంటే నమ్మండి.

ఇక అసలు చిక్కు. రచన రెండు విధాల తప్పిపోవచ్చు. అసలు వరసను అట్లాగే వుంచి వాయిద్యాలు మార్చి పంపేవాడొకడు. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు. ఉన్నదంతా సొంతమే కల్పించి, అసలు వరసను ఎక్కడో దారిలో పారేసుకున్నవాడు ఇంకొకడు. వాడిది మంచి పాటే కావచ్చు గాని, మేమడిగిన పాట కాదు. అందుకని మా పోటీలో ఒక కొలత వుంది. మొత్తం కాలంలో సగమైనా అసలు వరస గుర్తుపట్టేటట్లు వినిపించాలి. గడియారం పెట్టుకుని సెకండ్లు లెక్కకడతాం. సంగీతాన్ని సెకండ్లతో కొలవడమేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట నవ్వాను. కాని కొలత లేకపోతే తీర్పరి ఇష్టమే కొలత అవుతుంది. అది ఇంకా ప్రమాదం.

ఆ ఏడు ఇచ్చిన వరస 1995లో వచ్చిన 'డాంకీ కాంగ్ కంట్రీ 2' లోది. కట్టినవాడు డేవిడ్ వైజ్ అనే ఇంగ్లీషాయన. సూపర్ నింటెండో యంత్రంలో ఒక్కసారిగా పలకగలిగేవి ఎనిమిది గొంతులు, ధ్వనికి కేటాయించిన జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసిన ఒక్క ఫోటోకి ఆ చోటు చాలదు. గేములో ఆ ఘట్టం మా అబ్బాయి ఆడి చూపించాడు. చుట్టూ మనిషి మందాన ముళ్లతీగలు. కోతిపిల్లలు ఒక పీపాలోంచి ఇంకొక పీపాలోకి ఎగురుతూ పోవాలి. రవంత పక్కకు తప్పితే ముల్లు గుచ్చుకుంటుంది, మళ్లీ మొదటికి రావాలి. అటువంటి చోట భయపెట్టే సంగీతం పెట్టకుండా, ఆయన నెమ్మదిగా, దయగా సాగే వరస ఒకటి పెట్టాడు. పదిసార్లు ఓడిపోయిన పిల్లవాడు పదకొండోసారి ఎందుకు లేస్తాడో అది వింటే తెలుస్తుంది.

27లో కొన్ని చప్పున తేలిపోయాయి. ఒకటి నాలుగు తీగవాయిద్యాలతో కట్టింది, మంచి పొందిక. ఒకటి విన్నప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, బట్టల మిషను అట్లా అదిరిపోతోందేమిటి?" అని అడిగి వెళ్లింది. అది డోలువాద్యం. తగువంతా 19వ నెంబరు దగ్గర వచ్చింది.

అది నాలుగు నిమిషాల పాట. పియానో, దానికింద మంద్రంలో చెల్లో. వినగానే ముగ్గురం మాట్లాడలేదు. కాని ఇంజనీరు గడియారం తీశాడు. అసలు వరస గుర్తుకు వచ్చేది పియానోలో 44 సెకండ్లే. కావలసింది 120. "గొప్ప పాట. మన పోటీకి చెందదు" అన్నాడాయన. పంతులమ్మగారు ఒప్పుకోలేదు. మాట నామీదికి వచ్చింది. రాత్రి విని చెబుతానన్నాను.

పదకొండు దాటాక నాలుగోసారి వింటూ వుంటే, చెల్లో నడకలో ఏదో తెలిసిన జాడ వున్నట్లు తోచింది. పెట్టెలోంచి వయొలిన్ తీసి, ఆ చెల్లో స్వరాలను నాలుగు రెట్లు వేగంగా వాయించి చూశాను. ముళ్లదారి వరస! పల్లవి పాడే విద్వాంసులు ఒకే వరసను పై కాలాలకు ఎక్కించి చూపడం మనం ఎరుగుదుం. ఇతడెవరో దాన్ని తిరగేసి, అడుగు కాలానికి దించి, పాట పొడుగునా పునాదిగా పరిచాడు. ఆ వేళప్పుడు నేను వాయించడం విని మా ఆవిడ లేచి వచ్చింది గాని, నా మొహం చూసి ఏమీ అనకుండా మంచినీళ్లు ఇచ్చి వెళ్లింది.

మర్నాడు ఇద్దరికీ వాయించి వినిపించాను. పంతులమ్మగారు, "ఇటువంటి పని బాఖ్ చేసేవాడు" అని చప్పట్లు కొట్టింది. ఇంజనీరు మాత్రం కొంతసేపు ఆలోచించి ఇట్లా అన్నాడు:

"మీ వయొలిన్‌ను కాదనను. కాని పాట వినేవాళ్లు ఒళ్లో వయొలిన్ పెట్టుకుని కూర్చోరు. గుర్తుపట్టాలి అన్నది మన నియమం. తవ్వితే దొరకాలి అన్నది కాదు. మిగతా ఇరవై ఆరుగురూ ఆ నియమాన్ని నమ్మి పంపారు."

ఆవిడ అటు, ఆయన ఇటు. నా వోటుతో తేలాలి. ఆ 27లోనూ నా మనస్సు పట్టుకున్నది 19వ నెంబరే. అయినా ఆ ఇరవై ఆరుగురి మాట పక్కకు తొయ్యలేకపోయాను. వాళ్లలో ఎందరు తమకొచ్చిన సాహసాలు నియమం కోసం చంపుకున్నారో! నా వోటు ఇంజనీరు వైపు వేశాను. తీగవాయిద్యాల రచన నెగ్గింది. ఇవాళ అడిగినా ఆ తీర్పే చెబుతాను.

తీర్పుకి కారణాలు రాయాలి గనక, 19కి నేనే రాస్తానన్నాను. చెల్లో ఎక్కడ వరస అందుకున్నదో, ఏ సెకండు దగ్గర ఏ స్వరానికి వచ్చిందో అంతా వివరంగా రాసి, ఇది ఎందుకు నెగ్గలేదో అదే కాగితంమీద దాపరికం లేకుండా రాశాను. పేర్లు విప్పాక తెలిసింది, అతడు హైస్కూలు పిల్లవాడు, పోటీకి పంపడం అదే మొదలు. మరి పంపడం మానేస్తాడేమో అని నాలో నేను గుంజాటన పడ్డాను. రెండు రోజులకి జవాబు వచ్చింది. "ఎవరికీ దొరకదనుకున్నాను. మీకు దొరికింది. వచ్చే ఏడు కాస్త పైకి తెచ్చి పెడతాను."

పెట్టాడు. మరుసటేడు ఇంకొక వరస, అంకెల చాటున అతనిదేదో మాకు తెలియదు. పేర్లు విప్పితే మూడో స్థానం అతనిది. వరస స్పష్టంగా వుంది, సెకండ్లు లెక్కకు సరిపోయాయి, ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. కాని దాని కోసం ఎవరూ అర్ధరాత్రి వయొలిన్ తీయలేదు. నియమం అతనికి నడక నేర్పింది, కొంచెం పరుగు తగ్గించింది. రెండూ నిజమే. దీనికి మందేమిటని మేం ముగ్గురం చాలాసేపు తర్కించి, ఈ ఏటినుంచి ఒక పుట కలిపాం. మార్కులతో నిమిత్తం లేకుండా, తీర్పరి తనకు నచ్చిన ఒక్క రచనను అందరూ వినవలసిందిగా చెప్పే పుట. నెగ్గడం వేరు, వినబడడం వేరు. పంపినవాళ్లలో చాలామంది రెండోదానికే వస్తారని నాకు నాలుగేళ్లలో తెలిసింది.

ఈ ఏటి గడువు ఆదివారంతో ముగిసింది. 31 వచ్చాయి. మా ఆవిడ భోజనాలయ్యేదాకా చెవులకేమీ తగిలించుకోవద్దని ఆంక్ష పెట్టింది. అయితే నిన్న పప్పు తాలింపు వేస్తూ తనలో తనే కూనిరాగం తీస్తూంటే గుమ్మంలో నిలబడి విన్నాను. ముళ్లదారి వరసే. మధ్యలో రెండు సంగతులు ఆమె సొంతం.