చెక్కదే పైచేయి

పూట గడవడమే కష్టం, ఇంట్లో మాత్రం ఇరవై పాత విసనకర్రలు! పద్దెనిమిదో శతాబ్దపు చైనా నవల ‘ఎర్రమేడ కల’లో ఇలాంటి మొండిఘటం ఒకడున్నాడు. గొప్పింటి పెద్దమనిషి ఎంత డబ్బు ఆశపెట్టినా ఒక్కటీ అమ్మడు. చివరికి ఓ అధికారి, సర్కారుకు బాకీ పడ్డాడని కేసు బనాయించి, అన్నీ జప్తు చేసి పెద్దమనిషికి సమర్పిస్తాడు. ఆ విసనకర్రల మీద పూర్వపు ఉద్దండుల రాతలూ బొమ్మలూ ఉన్నాయట. అయినా రచయిత సావో షుయెచిన్ ముందు చెప్పింది వాటి గురించి కాదు, ఈనెలు ఏయే రకం వెదురువో!

ఆ వరసే సబబు. మడత విసనకర్రకు అతికించిన కాగితం మాసినా, దాని మీది బొమ్మను దాచుకోవాలనిపించినా, విప్పి చదునుచేసి ఆల్బంలో అతికించేవారు. ఈనెలకు కొత్త కాగితం ఎక్కేది. మ్యూజియాల్లో కనిపించే అర్ధచంద్రాకారపు చైనా చిత్రాల మీద మడతల గీతలు ఉండేది అందుకే. రెండు చివర్ల ఉండే మందపాటి ఈనెల మీద నగిషీ చెక్కడమే ఒక విద్య. జిన్ షీయా (1890–1979) వాటి మీద చెక్కే పేరు తెచ్చుకున్నాడు.

నిజానికి మడత విసనకర్ర చైనాది కాదు, జపాన్ నుంచి వచ్చింది. 988లో జపాన్ బౌద్ధ భిక్షువు చోనెన్ చైనా సుంగ్ చక్రవర్తికి పంపిన కానుకల్లో సైప్రస్ చెక్క విసనకర్రలున్నాయి. మింగ్ కాలానికి అది పండితుల చేతుల్లో స్థిరపడింది.

కాంటన్‌లో కథ వేరు. 1757 నుంచి 1842 దాకా పడమటి ఓడలు సరుకు కొనాలంటే ఆ రేవుకే రావాలి. అక్కడి పనివాళ్లు అసలు కాగితమే లేని విసనకర్రలూ చేశారు. పలచటి చందనపు పలకలు, కింద ఒక శీల, పైన పలకలన్నిటినీ కలుపుతూ ఒక పట్టు రిబ్బను, అంతే. ఒక్కో పలకనీ సన్నని రంపంతో జల్లెడ చేసి, అందులో గోపురాలు, వంతెనలు, గొడుగులు పట్టిన మనుషులను తేల్చేవారు. విప్పితే నడుమ డాలు ఆకారంలో ఓ జాగా కనిపిస్తుంది. కొన్న దొరసాని పేరులోని తొలి అక్షరాలు అక్కడ చెక్కేవారు. చైనా పనితనానికి లండన్ చిరునామా అన్నమాట!

చైనా వాడిన చందనంలో మన మైసూరు సరుకూ ఉంది. టిప్పు సుల్తాన్ 1792లో దాన్ని రాజవృక్షం చేశాడు. తిమోర్, హవాయి దీవుల నుంచి కూడా చెక్క వెళ్లేది. ఇక శేషాచలం ఎర్రచందనాన్ని చైనావాళ్లు ఎక్కువగా మేజాబల్లలకే వాడారు. కొన్ని ఈనెలూ చేశారు.

ఇప్పుడు చందనపు విసనకర్ర కొనేవారు వాసన చూసి మోసపోకూడదు. అత్తరు రాస్తే ఏ చెక్కయినా చందనమే. రంధ్రాల అంచులు చూడాలి. లేజరుతో కోస్తే అంచు గోధుమరంగులో కమిలి, అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. చేతి రంపానికి ఆ తూకం ఉండదు, చిన్న చిన్న తేడాలు తప్పవు. రిబ్బను తెగితే బెంగ లేదు, కొత్తది ఎక్కించుకోవచ్చు. పలక విరిగిందా, బేరం వదులుకోవడమే మేలు.