తుఫానుకూ ఎండకూ నడుమ టమాటా

వైద్యవృత్తి నుండి విరమించి పిట్టలవానిపాలెంలో స్థిరపడిన నాటి నుండి పెరటి మొక్కలను గురించి ఎప్పుడైనా ఒక వ్యాసం వ్రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఈనాడు వ్రాస్తున్నది టమాటాను గురించి. మధ్యలో నా రక్తపరీక్ష ఒకటి వస్తుంది. వ్యాసం వ్రాయవలసి వచ్చింది నిజానికి దాని కోసమే కాబట్టి, తోటపనిలో ఆసక్తి లేనివారు కూడ చివరివరకు చదవగోరుతున్నాను.

మా ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. కాలువ నీరు, వరి, వరి తరువాత మినుము లేదా మొక్కజొన్న, ఇదీ మా సేద్యం. టమాటా మాకు పెద్ద పంట కాదు. మేము తినే టమాటాలో చాలా భాగం మదనపల్లె వైపు నుండి లారీలలో వస్తుంది. నా చిన్నతనంలో మా నాయనమ్మ దీనిని ‘రామములగ’ అనేది. చిత్తూరు వైపు నుండి వచ్చిన ఒక నర్సు ‘తక్కాలి’ అంటే ఆసుపత్రిలో మాకు అర్థమయ్యేది కాదు. దక్షిణ అమెరికా కొండల మొక్క మన పప్పులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు గాని, ఇప్పుడు అది లేని వంటిల్లు లేదు. 2023 జూలైలో కిలో ధర వంద రూపాయలు దాటినప్పుడు, “ఏమండీ, ఇంత పెరడు పెట్టుకుని టమాటా కొనడమేమిటి?” అని మా శ్రీమతి అడిగింది. నా సేద్యానికి కారణం అంతకంటె గొప్పది కాదు.

సెప్టెంబరు చివర నారు పోసి, అక్టోబరు చివర నాటాను. కోస్తాలో టమాటాకు శీతకాలమే తగిన కాలమని అందరూ చెప్పే మాట. దానికి కారణం పువ్వులో ఉన్నది. పగటి వేడి ముప్పైఅయిదు డిగ్రీలకు చేరి, రాత్రి కూడ ఉక్కపోత తగ్గకపోతే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. రాత్రి పదిహేను నుండి ఇరవై డిగ్రీల మధ్య ఉంటే పిందె చక్కగా కట్టుతుంది. మా ఊరిలో అటువంటి రాత్రులు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలలోనే దొరుకుతాయి.

మొక్కలు నడుము ఎత్తు పెరిగి, పిందెలు ఉసిరికాయంత అయినవి. డిసెంబరు 5న మధ్యాహ్నం మిచౌంగ్ తుఫాను (కొందరు మిగ్‌జాం అన్నారు) బాపట్ల సమీపంలో తీరం దాటింది. కోతకు వచ్చిన వరి నీటిలో పడుకున్నది. కుప్పలు వేసినవారి ధాన్యం మొలకలెత్తింది. ఆ నష్టం ముందు నా ఇరవైరెండు టమాటా మొక్కలు లెక్కలోనివి కావు. అయినా చెప్పుకుంటాను. మాది నల్లరేగడి. నీరు రెండు రోజులు నిలిచింది. టమాటా వేరుకు గాలి కావాలి. మూడవ నాటికి మొక్కలు నీటిలోనే ఉండి దాహంతో ఉన్నట్లు వాడిపోయినవి. మా శ్రీమతి పచ్చికాయలన్నీ కోసి నువ్వులతో పచ్చడి చేసింది. పచ్చికాయలో టొమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, పండేకొద్దీ తగ్గిపోతుంది. పచ్చడిలో నంజుకునే పాటికి దానివలన భయమేమీ లేదు.

ఆ రాత్రి మా అమ్మాయి అమెరికా నుండి ఫోను చేసింది. మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ మే నెలలో ఆఖరి మంచు కురిసిన తరువాత నాటాలి. అక్టోబరులో మళ్ళీ మంచు వచ్చి మొక్కను కాల్చివేస్తుంది. తెలుగువారు అక్కడ పెరళ్ళలో గోంగూర, బెండ, టమాటా పెంచుకోవడం మీలో చాలామంది ఎరిగినదే. మా అమ్మాయి చలిని ఓర్చి త్వరగా పండే రకాలనే ఎన్నుకుంటుంది. చెకోస్లొవేకియాలో పుట్టిన ‘స్టుపిచె’, కెనడాలోని ఆల్బెర్టాలో తయారైన ‘సబ్ ఆర్కిటిక్ ప్లెంటీ’ అటువంటివి. ఇవి నాటిన తరువాత సుమారు అరవై రోజులలోనే పండ్లనిస్తాయి. మామూలు రకాలకు డెబ్బైఅయిదు, ఎనభై రోజులు పట్టవచ్చును.

“నాన్నగారూ, మాకు రెండు వైపులా మంచు. మీకు ఒకవైపు తుఫాను, ఒకవైపు ఎండ. మీకు కావలసింది కూడ తొందరగా పండే రకమే గదా!” అన్నది.

నలభై ఏళ్ళు రోగులకు సలహాలు చెప్పినవాడిని, ఆ మాట నాకు తట్టలేదు. చలికి ఓర్చే గుణంతో మా ఊరికి పని లేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారు తయారుచేసిన ‘పూసా శీతల్’ రాత్రి ఎనిమిది డిగ్రీల చలిలో కూడ పిందె పట్టుతుంది. అది ఉత్తరాది వారికి వరం, మాకు అంత చలి రాదు. కాని త్వరగా పండే గుణం వేరు. తుఫాను వెళ్ళిన తరువాత నారు పోసినా మార్చి ఎండ ముదరక ముందే నాలుగు బుట్టలు కోసుకోవచ్చును.

విత్తనాలు పంపిస్తానన్నది. వద్దన్నాను. విదేశీ విత్తనం అనుమతి, పరీక్ష లేకుండా తీసుకురావడం చట్టవిరుద్ధం. సూట్‌కేసులో దాచి తెచ్చేవారు మనలో ఉన్నారు. టమాటాకు విత్తనంతో వచ్చే వైరసు తెగుళ్ళున్నాయి. ఒక పొట్లంతో వచ్చిన జబ్బు మదనపల్లె రైతు పొలానికి చేరితే ఎవరు బాధ్యులు? అంటువ్యాధులను చూచిన వైద్యుడిగా ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. ఇక్కడి దుకాణంలోనే గుబురుగా పొట్టిగా పెరిగే త్వరిత రకం ఒకటి, ‘చెర్రీ’ టమాటా ఒకటి కొన్నాను. కాయ చిన్నదైతే పండడానికి పట్టే కాలమూ తక్కువ.

డిసెంబరు 9న కుండీలలో నారు పోశాను. తెల్లదోమ వాలకుండా సన్నని వల కప్పాను. ఆకుముడత వైరసును మోసుకువచ్చేది ఆ దోమే, నారులో పట్టిందంటే ఆ మొక్క ఇక పనికిరాదు. ఈసారి మట్టిని జానెడు ఎత్తు బోదెలు తీసి, చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపాను. జనవరి 4న నాటాను. నీరు ఒకనాడు కుండపోతగా, మరునాడు చుక్క లేకుండా పెడితే కాయ అడుగున నల్లగా కుళ్ళుతుంది. అది తెగులు కాదు, కాయకు సున్నం సరిగా అందకపోవడం. సున్నం మట్టిలో ఉన్నా, నీరు నిలకడగా అందితేనే వేరు దానిని కాయ వరకు మోస్తుంది. రోజూ ఉదయం ఒకే కొలతతో పోశాను. మందుల మోతాదు వ్రాసినవాడికి ఇది కష్టం కాదు.

ఒక ముచ్చట. టమాటా పువ్వు కదిలితేనే పుప్పొడి రాలుతుంది. మా అమ్మాయి కిటికీలో పెట్టుకున్న మొక్కకు బ్యాటరీ పళ్ళ బ్రష్షును ఆనించి పువ్వును అదిలిస్తుందట! మా పెరటిలో ఆ పని నల్ల తుమ్మెదలు చేసినవి. పువ్వును కౌగలించుకుని ‘జుయ్’మని రెక్కల కండరాలను అదిలిస్తే పొడి జలజల రాలుతుంది. ఉదయం కాఫీ గ్లాసుతో కూర్చుని అది చూడడం నా దినచర్య అయింది.

మార్చి 1న మొదటి చెర్రీ పండు ఎర్రబడింది. పది రోజులలో రెండవ రకమూ అందుకున్నది. నెలాఖరుకు రోజుకు కిలోన్నర వరకు వచ్చేవి. రుచి? చెర్రీ తియ్యగా ఉన్నది. రెండవ రకం మా నాటు కాయ పులుపు ముందు తక్కువే, నిజం చెప్పాలి. ఇరుగుపొరుగుకు పంచాము, పప్పు, చారు, పచ్చడి చేశాము, అప్పటికీ మిగిలినవి. ఉదయం పెరటిలో నిలబడి నేను కోసుకు తిన్నవి ఎన్నో లెక్క లేదు.

ఇక రక్తపరీక్ష సంగతి. నాకు గుండె బలహీనతకు కొంతకాలంగా రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ మందులు నడుస్తున్నాయి. క్రియాటినిన్ 1.6. ఈ రెండు మందులూ శరీరంలో పొటాషియంను నిలవచేస్తాయి. మూత్రపిండాలు మందగిస్తే అది మరింత నిలుస్తుంది. ఈ పాఠం నేను విద్యార్థులకు చెప్పినదే. ఏప్రిల్ మొదటి వారంలో కాళ్ళు బరువెక్కి, మెట్లు ఎక్కడం కష్టమైంది. ఎండ వలన అనుకున్నాను. మామూలు పరీక్షకు వెళ్ళితే పొటాషియం 5.9 వచ్చింది. ఉండవలసినది సుమారు 3.5 నుండి 5.0. ఇది ఇంకా పెరిగితే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చును. ముందుగా హెచ్చరించే నొప్పి ఏదీ ఉండదు.

నా వద్ద చదువుకున్న వైద్యుడే ఇసిజి తీశాడు. కాగితం చూచి, “సార్, మీరు ఈ మధ్య ఏమేమి తింటున్నారు?” అని అడిగాడు. చెప్పాను. టమాటా రోజుకు పావుకిలో పైన. వంద గ్రాములలో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం. ఎండలు కదా అని రోజూ రెండు కొబ్బరిబొండాలు. ఒక్కొక్క గ్లాసు నీటిలో సుమారు 600 మిల్లీగ్రాములు. బి.పి. కోసం నేనే తెప్పించిన ‘తక్కువ సోడియం’ ఉప్పు. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడే. అతడు కలం క్రింద పెట్టి, “ఈ మాట మీరు మాకు మూడవ సంవత్సరంలో చెప్పారు సార్” అన్నాడు. నేను బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చున్నాను.

ఒక మందు నిలిపి, ఉప్పు మార్చి, బొండాలు మాన్పించి, వారం తరువాత చూస్తే 4.8. ఒక్క టమాటాను దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆ ఉప్పూ, బొండాలూ లేకపోతే మందులున్నా టమాటా ఒంటరిగా అంత పని చేసి ఉండేది కాదని నా అభిప్రాయం. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు అంతకు రెండింతల పొటాషియంను సునాయాసంగా బయటకు పంపుతాయి. అటువంటివారు నిక్షేపంగా తినవచ్చును. నూనెతో ఉడికిన టమాటా నుండి లైకోపీన్ అనే ఎర్రని పదార్థం పచ్చికాయ నుండి కంటె బాగా ఒంటబట్టుతుంది. మన పప్పు, పచ్చడి పద్ధతి మంచిదే. నిల్వ పచ్చడిలో ఉప్పు సంగతి మాత్రం మరువవద్దు.

టమాటా గింజలు తింటే మూత్రపిండాలలో రాళ్ళు పడతాయని నన్ను అడగని రోగి లేడు. రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేటు టమాటాలో తక్కువ, పాలకూరలో చాలా ఎక్కువ. గింజలు రాళ్ళు కావు. కాని మూత్రపిండాల జబ్బు ముదిరినవారు, డయాలసిస్ చేయించుకునేవారు, నేను చెప్పిన మందులు వాడేవారు టమాటా, బొండాం, అరటిపండు, ఆ ఉప్పు, వీటిని గురించి తమ వైద్యుని తప్పక అడగాలి. ముక్కలు చేసి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎవరికి ఎంత అన్నది వారి రక్తపరీక్షను బట్టి ఉంటుంది, నా వ్యాసాన్ని బట్టి కాదు.

ఏప్రిల్ రెండవ వారానికి పూత రాలడం మొదలైంది. ఉన్న కాయలు ఎరుపెక్కక నారింజ రంగులో ఆగినవి. ముప్పై డిగ్రీలు దాటి వేడి నిలిస్తే లైకోపీన్ సరిగా తయారు కాదు. మొక్కలు పీకివేశాము.

అప్పటి నుండి రెండు దఫాలుగా వేస్తున్నాను. మొదటిది అక్టోబరులో, నేల మీద కాదు, సంచులలో. తుఫాను హెచ్చరిక రాగానే వసారాలోకి లాగడానికి వీలుగా. రెండవ నారు నవంబరు చివర కుండీలో సిద్ధంగా ఉంటుంది. సంచులు లాగే పని నాకు నిషిద్ధం, పక్కింటి కుర్రవాడు వచ్చి, “డాక్టరుగారూ, మీరు కూర్చోండి” అని లాగిపెడతాడు. కోసిన కాయలు వాడికి సగం. నాకు రోజుకు ఒకటి, అదీ పప్పులో. కొలిచి వేసేది మా శ్రీమతి.