మా చేత్తో రాసిన కాగితం

మా గూడెంలో ఏ పంచాయితీ జరిగినా కాగితం రాయడానికి మమ్మల్నే పిలుస్తారు. టీచర్ ట్రైనింగ్ చదివొచ్చిన వాళ్లం, దస్తూరి బాగుంటుందని. గట్టు తగాదాలు, ఓలి బాకీలు, విడాకులు ఇరవై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. వాటిలో ఒక్క కాగితం మాత్రం మమ్మల్ని వదలడం లేదు.

మా ఆడపిల్లలు ఇద్దరు, ఇరవై దాటినవాళ్లు, ఏటా ఖమ్మం వైపు మిరప కోతలకు కలిసి వెళ్లేవాళ్లు. ఓ ఏడు తిరిగొచ్చి, ఇక ఒకే ఇంట్లో ఉంటామని, తమకు పెళ్లంటే అదేనని చెప్పారు. చింతచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. "మన ఆచారంలో లేదు" అన్నారు. తప్పు వేశారు. ఇకపై కలిసి ఉండబోమని వాళ్లు ఒప్పుకున్నట్టు మేమే రాశాం. ఒకమ్మాయి వేలిముద్ర వేసింది. రెండో అమ్మాయి సంతకం పెట్టింది. ఆ సంతకం మా బడిలో మేం దిద్దించిందే. తల దించుకున్నాం గానీ నోరు విప్పలేదు.

చాన్నాళ్లకు అమెరికా ఆదివాసుల గురించి చదువుతుంటే నవహో జాతి సంగతి తెలిసింది. తమను తాము దినే అని పిలుచుకుంటారు. వాళ్లకు సొంత కౌన్సిల్, సొంత కోర్టులు ఉన్నాయి. 2005లో ఆ కౌన్సిల్ ఆడ ఆడ, మగ మగ పెళ్లి చెల్లదని చట్టం చేసింది. అధ్యక్షుడు జో షర్లీ దాన్ని తిప్పి పంపాడు. కౌన్సిల్ మళ్లీ ఓటేసి నెగ్గించుకుంది. అక్కడా ఆచారం మాటే వినిపించింది. చిత్రమేమిటంటే, ఆడా మగా అనే రెండు గీతల మధ్య బతికేవాళ్లకు వాళ్ల భాషలోనే నాద్లీహి అని పాత మాట ఉంది. ఆచారంలో లేనివాళ్లకు భాషలో పేరెలా వచ్చింది? ఆ చట్టాన్ని వ్యతిరేకించిన నవహో యువత అడిగిందీ ఇలాంటి ప్రశ్నే. 2015లో అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా ఇలాంటి పెళ్లిళ్లను ఒప్పుకున్నా, ఆ తీర్పు ఆదివాసీ ప్రభుత్వాలను కట్టడి చేయదు. కనుక మార్చుకోవాల్సింది వాళ్లే. ఆరెగాన్‌లోని కోకిల్ తెగ 2008లోనే తన చట్టంలో చోటిచ్చింది. చెరోకీలు 2004లో నిషేధం పెట్టారు, 2016లో వాళ్ల అటార్నీ జనరలే అది తమ రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చాడు.

మన దగ్గర నేరుగా నిషేధమనే చట్టం లేదు, గుర్తింపూ లేదు. 2018లో 377 సెక్షన్ సంకెల తెగింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలంది. అయితే యువకులు గమనించాల్సిన మాట ఒకటుంది. హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన పెళ్లిళ్లు మన ఆచారం మీదే నిలుస్తాయి. లేచిపోయి వచ్చిన జంటను తప్పు కట్టించుకుని, ఓలి తీర్చుకుని కలుపుకున్న ఆచారం మనది. విధవకు మళ్లీ ఇల్లు కట్టిన ఆచారం. అందులో కాదనే మాట చేర్చింది మేమే, నీలం సిరాతో.

ఈ వేసవి సెలవుల్లో పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆ కాగితం చింపేద్దాం మామా అన్నాం. చాలాసేపు చుట్ట కాల్చాడు.

"రాసేటప్పుడు ఏమీ అనలేదే అల్లుడా?"

"భయమేసింది మామా."

"ఎవరికి? నాకా?"

జవాబు చెప్పలేకపోయాం. పెట్టె తీయించి కాగితం మా చేతిలో పెట్టాడు. "పండగకి అందరూ వస్తారు. నువ్వే చదివి వినిపించు. తర్వాత చూద్దాం" అన్నాడు.

పండగ ఇంకా పదకొండు రోజులుంది. ఆ అమ్మాయిల్లో ఒకరు ఊళ్లోనే ఉంది. రెండో ఆమె ఫోన్ నంబరు ఆమెనే అడిగి తీసుకున్నాం.